బకెట్‌లో సముద్రం

ఆ రోజుల్లో మాటకు బరువుండేదని పెద్దవాళ్లు అంటుంటారు. ఒమాన్‌లో పనిచేసిన మాకు ఆ బరువు చేత్తో పట్టుకుని చూసిన అనుభవం ఉంది, ఎందుకంటే మా మాటంటే కాసెట్. ఎవరైనా సెలవు మీద ఊరికి పోతూ సూట్‌కేసు సర్దుకుంటుంటే మేమంతా చుట్టూ చేరి సబ్బుల మధ్య ఒకటి, లుంగీ మడతలో ఒకటి, వాడు చూడకుండా బూటు లోపల ఒకటి కాసెట్లు దూర్చేవాళ్లం. "అరే, పెట్టె నిండ మీ మాటలేనాయె, మా అవ్వకు దుప్పటి యాడ పెట్టాలెరా" అని వాడు మొత్తుకునేవాడు. ఫోన్ చేద్దామంటే ఊళ్లో ఫోనున్న ఇల్లు ఒక్కటే. అమ్మకు కబురు పోయి, ఆమె పొలం నుంచి పరుగెత్తుకొచ్చి ఆయాసం తీర్చుకునేలోపు లైను తెగిపోయేది. ఇప్పుడు మా అమ్మాయి ఎక్కడో అన్నం తింటూ ఫోన్‌లో మొహం చూపించి "నాన్నా, ఏం కూర?" అంటుంది, నేను గోరుచిక్కుడు అనేలోపు "సరే మళ్ల చేస్త" అని పెట్టేస్తుంది. మేము అదే గోరుచిక్కుడు మీద ఒక కాసెట్ రెండు వైపులా మాట్లాడి ఉండేవాళ్లం.

మాట్లాడి ఉండేవాళ్లం అన్నాను గానీ, నిజానికి అందరూ మాట్లాడలేకపోయేవాళ్లు. నేను అప్పుడు మస్కట్‌కు దూరంగా రుస్తాఖ్‌లో షట్టరింగ్ కార్పెంటర్‌ని. అంటే స్లాబ్ పోయడానికి ముందు కింద చెక్కలు, ప్లైవుడ్ కొట్టి అచ్చు తయారు చేయడం, కాంక్రీటు గట్టిపడగానే కొట్టిందంతా మళ్లీ ఊడబీకడం. (కొట్టినోడే పీకే ఉద్యోగానికి గంత దూరం పోవాల్నా కొడుకా అని మా అమ్మ అడిగింది.) కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఎనిమిది మందిమి. ఏడుగురం కరీంనగర్ జిల్లావాళ్లం, ఎనిమిదో అతను కడప నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్, అతన్ని అందరం కడప భాయ్ అనేవాళ్లం. టేప్‌రికార్డర్ అతనిది. శుక్రవారం సెలవు రోజున ఒక్కొక్కరు దాని ముందు కూర్చుని, ఎర్ర బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, "నేను మంచిగున్న. మీరు మంచిగున్నరా. బర్లు మంచిగున్నయా" అనేవాళ్లు. ఆ తరువాత మాట దొరక్క కూర్చుండిపోయేవాళ్లు. మిగతా కాసెట్ అంతా మా రూమ్ ఫ్యాను తిరిగిన చప్పుడు సముద్రాలు దాటి జగిత్యాల పోయేది.

నాకు మాత్రం ఆ యంత్రాన్ని చూస్తే పూనకం వచ్చేది. బడిలో పాఠం చదవమంటే నోరు పెగలని వాణ్ణి, ఎర్ర దీపం వెలగగానే రేడియోలో వార్తలవాడినైపోయేవాణ్ణి. ముందు నా కాసెట్ నేను చెప్పుకున్నాను, తరువాత పక్క మంచం అన్న "నాది గూడ జెర చెప్పరాదుర" అన్నాడు, ఆ తరువాత రూమంతా నాకే అప్పజెప్పింది. వాళ్లు "నేను మంచిగున్న" వరకు చెప్పి లేచేవాళ్లు, నేను కూర్చుని "ఇగ మస్కట్ సంగతులు వినుండ్రి" అని అందుకునేవాణ్ణి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా ఊళ్లో అందరూ మమ్మల్ని అడిగేది సముద్రం గురించి. మస్కట్ అంటే సముద్రమని, ఓడలని వాళ్లకు ఎవరో చెప్పారు. రుస్తాఖ్‌లో కొండలున్నాయి, ఖర్జూరం తోటలున్నాయి, ఒక పెద్ద కోట ఉంది, సముద్రం మాత్రం లేదు. నేను మస్కట్‌లోని మత్రా రేవును చూసింది ఒక్కసారి, మెడికల్ పరీక్షకు తీసుకుపోయినప్పుడు కంపెనీ బస్సు కిటికీలోంచి, అది కూడా ముందు సీటువాడి తలకాయ అడ్డం ఉండగా. ఆ పావుగంట దృశ్యాన్ని నేను రెండేళ్లు వాడుకున్నాను. శుక్రవారం శుక్రవారం మేము మత్రాకు షికారు పోతామని, అక్కడ గోడలన్నీ అద్దాలైన హోటల్లో కూర్చుని తలుపంత చేపను తింటామని, సూక్ అనే పాత బజారులో అత్తరు దుకాణాలవాళ్లు మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారని, మా అరబ్బు దోస్తుల ఇళ్లలో కింద కూర్చుని వాళ్ల కాఫీ కహ్వా తాగుతామని చెప్పాను. మేము ఆ శుక్రవారాల్లో చేసిన పనులు బట్టలు ఉతుక్కోవడం, పప్పు వండుకోవడం, ఒకరి వెంట్రుకలు ఒకరు కత్తిరించుకోవడం.

మాటలతో ఆగితే బాగుండేది. కళాకారుడికి తృప్తి ఉండదు కదా, చప్పుళ్లు కూడా కావాలనిపించింది. కంపెనీ బకెట్‌లో సగం నీళ్లు పోసి చేత్తో గుండ్రంగా తిప్పుతూ మధ్యమధ్య బకెట్ గోడకు కొడితే అచ్చం అలలే. ఆ డ్యూటీ కడప భాయ్‌ది. ఖాళీ షర్బత్ సీసా మూతి మీద పెదవి ఆనించి ఊదితే భోం అని ఓడ కూత, అది నేనే. ప్లైవుడ్‌లో దిగిన మేకును మెల్లగా పీకితే కీచుమని సముద్రపు పిట్టలు వచ్చేవి, మేకులకు మాకు కొదవే లేదు. మిగతా ఆరుగురు ఒకేసారి గట్టిగా మాట్లాడితే సూక్. ఒకసారి మా సైట్ ఫోర్‌మన్ తలుపు తీసి చూస్తే ఒకడు బకెట్ తిప్పుతున్నాడు, ఒకడు మేకు పీకుతున్నాడు, నేను సీసా ఊదుతున్నాను, మిగిలినవాళ్లు గోడకు ఎదురుగా నిలబడి అరుస్తున్నారు. ఆయన తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా మా అమ్మ నాకు పిల్లను చూడ్డానికి పోయింది. పిల్లను చూడ్డానికి పిల్లగాడు ఉండాలి కదా, గల్ఫ్‌లో ఉన్నవాణ్ణి ఎక్కడి నుంచి తేవాలి? చేతి సంచిలో నా కాసెట్ పెట్టుకుని పోయింది. వాళ్ల ఇంట్లో టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టి, చుట్టూ చాప వేసి, పెళ్లికొడుకును కూర్చోబెట్టినట్టు నా గొంతును కూర్చోబెట్టారట. ఓడ కూత వినగానే వాళ్ల ముసలమ్మ దండం పెట్టిందట. నెల తిరక్కుండానే అమ్మ కాసెట్ వచ్చింది. "కొడుకా, నీ సముద్రం అందరికి నచ్చింది. పిల్ల వాళ్ల కాక గూడ ఒమాన్లనే, సూర్‌ల ఉంటడు, పడవలు జేసే వడ్లాయన. ఇంట్ల ఆయన మాటంటె మాటే. రంజాన్ పండుగనాడు మత్రాకొచ్చి నిన్ను జూస్తడట. నువ్వు దినాం తిరిగే జాగలేనాయె, ఆయనకు అన్ని మంచిగ చూపెట్టు. ఆయన ఊ అంటెనే పిల్లనిస్తమన్నరు." కాసెట్‌తో పాటు ఒక ఫొటో. వెనక నీలం పరదా, ముందు కుట్టు మిషను, మిషను మీద చేయి పెట్టి నిలబడ్డ అమ్మాయి. ఫొటోగ్రాఫర్ నవ్వొద్దని గట్టిగా చెప్పినట్టున్నాడు, పెదాలు మూసే ఉన్నాయి గానీ కళ్లు మాట వినలేదు. నేను ఆ ఫొటోను తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను, పొద్దున లేచేసరికి ఆ అమ్మాయిని తప్ప ఎవరినీ చేసుకోనని నిశ్చయమైపోయింది. ఇప్పుడు ఆ అమ్మాయికీ నాకూ మధ్య ఉన్నది, నేను సరిగ్గా చూడని ఒక ఊరు.

"ఏం బయపడొద్దబ్బా, నేను నాలుగు తూర్లు పోయినా" అని కడప భాయ్ ధైర్యం చెప్పాడు. సైట్‌లో పడి ఉన్న ప్లైవుడ్ ముక్క మీద నా పెన్సిల్‌తో మత్రా మొత్తం గీశాడు. ఇది రేవు, ఇది చేపల మార్కెట్, ఇది సూక్ దర్వాజా, ఇది కొండ మీద కోట, ఇది పరోటా దొరికే చోటు. నేను రెండు రోజులు దాన్ని చదివాను, మూడో రోజు డ్యూటీకి పోయి చూస్తే ప్లై ముక్క లేదు. పక్క బిల్డింగ్ స్లాబ్‌కు ఒక మూల తక్కువ పడితే మావాడే ఎవడో దాన్ని గీతలు పైకి వచ్చేలా కొట్టేశాడు, పైన కాంక్రీటు కూడా పోసేశారు. రుస్తాఖ్‌లో ఎవరి ఇంటి పైకప్పులోనో మత్రా రేవు ఇంకా అచ్చుపడి ఉండాలి. నాకు మిగిలింది సగం జ్ఞాపకం, కడప భాయ్ అరువిచ్చిన తెల్ల బూట్లు. అవి నా కాలికంటే ఒక అంగుళం పొట్టి.

పండుగనాడు పొద్దున్నే టాక్సీలో మరో నలుగురితో ఇరుక్కుని మత్రా చేరాను. చేపల మార్కెట్ దగ్గర నిలబడమని కబురు. దూరం నుంచే గుర్తుపట్టాను: పొట్టి మనిషి, ఉతికిన చొక్కా, భుజాన సంచి, పండుగ రోజున కూడా చెవి మీద పెన్సిల్. మా ఇద్దరిదీ ఒకే వృత్తి కావడంతో ముందు నా చేతుల వంక చూశాడు, తరువాత బూట్ల వంక, ఆఖరున మొహం వంక.

"నువ్వేనా పిలగా?"

"నేనే మామా. మంచిగున్నరా?"

"మంచిగున్న. ఇగ నువ్వు చూపెట్టు, నేను చూస్త."

ఆ ఒక్క మాట అని ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. సమస్య ఏమిటంటే పండుగ కాబట్టి మార్కెట్ బంద్, సూక్‌లో ముప్పాతిక దుకాణాలు బంద్. పైగా పెద్దవాళ్లకంటే ముందు నడవడం మా ఇళ్లల్లో లేదు. నేను మర్యాదగా ఒక అడుగు వెనక నడుస్తున్నాను, దారి చూపేవాడు ముందుండాలి కదా అని ఆయన ఆగుతున్నాడు. ఆయన ఆగితే నేనూ ఆగుతున్నాను. అలా సముద్రం ఒడ్డున ఇద్దరం పదడుగులకోసారి ఆగుతూ, ఒకరినొకరు చూసుకుంటూ, బూట్లు కరుస్తుంటే నేను కొంగలా కాలెత్తి వేస్తూ చాలా దూరం పోయాం.

"అద్దాల హోటల్ యాడుంటది?" అన్నాడు.

"పండుగ కదా మామా, బంద్ పెట్టిండ్రు."

"హోటల్ బంద్ అయితది గాని గోడలు గూడ తీస్కపోతరా?"

"రిపేర్ నడుస్తుంది," అన్నాను. ఆయన "అట్లనా" అన్నాడు. ఆ రోజు ఆ "అట్లనా" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో, ఒక్కోసారి వినగానే చొక్కా లోపల చెమట ఒక్కో గీత కిందికి జారేది. కొండ మీద తెల్లగా, గుండ్రంగా పెద్ద కట్టడం ఒకటి కనిపించింది. గదేంది పిలగా అన్నాడు. కడప భాయ్ పటంలో అది ఉందో లేదో గుర్తులేదు. నీళ్ల ట్యాంకు మామా, మత్రా మొత్తానికి నీళ్లు ఇక్కడి నుంచే, అన్నాను. అట్లనా, అన్నాడు. (అది సాంబ్రాణి ధూపం వేసే పాత్ర ఆకారంలో కట్టిన కట్టడం. అలాంటి ధూపపాత్ర ఒమాన్‌లో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. సూర్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్న మనిషికి నేను చెప్పాను, నీళ్ల ట్యాంకని.)

సూక్ పక్క సందులో ఒక ముసలి ఒమానీ ఇంటి ముందు చాప పరుచుకుని, కొత్త బట్టలు కట్టుకుని, దారిన పోయేవాళ్లందరినీ పండుగకు కూర్చోమని పిలుస్తున్నాడు. మమ్మల్నీ పిలిచాడు. మామ ఆయనతో అరబ్బీలో గడగడా మాట్లాడటం చూసి నా గుండె ఇంకో మెట్టు దిగింది. ముందు బియ్యం, మాంసం కలిపి మెత్తగా మెదిపిన పండుగ వంటకం ఒకే పళ్లెంలో పెట్టారు, ముగ్గురం చేతులు పెట్టి తిన్నాం. నెయ్యి ధారగా పోసి ఉంది, రెండేళ్లుగా పప్పు తింటున్న నా నాలుకకు ఏడుపొచ్చినంత పనైంది. తరువాత హల్వా, ఖర్జూరాలు, ఆ తరువాత చిట్టి పింగాణీ కప్పుల్లో కహ్వా. చేదుగా, ఏలకుల వాసనతో, రెండు గుటకలకు సరిపోయేంత. తాగి కప్పు తిరిగి ఇచ్చాను. ముసలాయన నింపి మళ్లీ ఇచ్చాడు. తాగాను, ఇచ్చాను, నింపాడు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు పెట్టింది వద్దంటే తల పొగరంటారు, అందులోనూ పిల్లనిచ్చేవాళ్లు పక్కన కూర్చుని చూస్తుంటే వద్దనడం ఎలా? ఐదో కప్పుకు నాలుక మొద్దుబారింది. ఏడో కప్పు తాగి తెలివిగా చాప మీద పెట్టేశాను, ఆయన వంగి చాప మీదే నింపాడు. తొమ్మిదో కప్పుకు చెవుల్లో నా గుండె కొట్టుకోవడం వినిపించింది. మామ మూడు కప్పులు తాగి ఎప్పుడో ఆపేశాడు, ఎలా ఆపాడో నేను చూడలేదు. ఆయన ఖర్జూరం గింజను వేళ్ల మధ్య తిప్పుకుంటూ నా వంకే చూస్తున్నాడు. పదకొండోది తాగి మళ్లీ కప్పు చాచాను. అప్పుడు మామ నా మణికట్టు పట్టుకుని, కప్పును అటూ ఇటూ రెండుసార్లు ఆడించాడు. ముసలాయన నవ్వి, కప్పు తీసుకుని, కూజా పక్కన పెట్టేశాడు.

"సాలు అనాల్నంటె ఇట్ల ఊపాలె పిలగా. దోస్తుల ఇండ్లల్ల శుక్రారం శుక్రారం తాగుతవుగద, ఊపుతలేవా?"

నేను ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆయన ఈసారి "అట్లనా" అనలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

మళ్లీ సముద్రం ఒడ్డుకు వచ్చాం. రాతి గోడ మీద కూర్చోగానే మామ భుజానున్న సంచి విప్పి బయటికి తీసినదేమిటో చూస్తే, టేప్‌రికార్డర్. గోడ మీద దుమ్ము చేత్తో తుడిచి, దాన్ని మా ఇద్దరి మధ్య పెట్టాడు. "రేపు మావోడొకడు ఊరికి పోతుండు. నీ గురించి ఈ కాసెట్ల చెప్పి పంపాలె. నాకన్న నువ్వే మంచిగ చెప్తవు. సముద్రం ఎదురంగనే ఉన్నది, జెర మొన్నటి కాసెట్ల లెక్క చెప్పు" అని ఎర్ర బటన్ నొక్కాడు.

దీపం వెలిగింది. ఎదురుగా సముద్రం, నిజం సముద్రం, ఎండకు మెరుస్తూ ఎంత దూరం చూస్తే అంత దూరం ఉంది. రేవులో ఓడలు నిలబడి ఉన్నాయి. పిట్టలు మేకులు పీకకుండానే అరుస్తున్నాయి. నాకు ఒక్క మాట రాలేదు. బకెట్ ముందు గంటలు గంటలు వాగినవాణ్ణి, ఆ నీళ్ల ముందు నోరు తెరిచి మూశాను, మళ్లీ తెరిచి మూశాను. కాసెట్ తిరుగుతూనే ఉంది. ఆ అమ్మాయి ఫొటో జేబులో ఉంది. ఆ కళ్లు గుర్తొచ్చాయి, ఈ కాసెట్ కూడా ఆ కళ్ల ముందే తిరుగుతుందని గుర్తొచ్చింది. జీవితాంతం ఆ అమ్మాయికి ఈ ఊరి గురించి కొత్త కొత్త అబద్ధాలు చెబుతూ బతకాలన్న ఆలోచన వచ్చి నాకు నిజంగా దుఃఖం వేసింది.

"మామా, అది సముద్రం గాదు," అన్నాను. "బకెట్."

మామ బటన్ ఆపాడు. "ఓడ?"

"షర్బత్ సీసా."

"పిట్టలు?"

"మేకు పీకిన."

"సూక్?"

"మా రూమోళ్లు. ఒర్లమని చెప్పిన."

"మరి తలుపంత చేప?"

"అది ఉత్త ఆకలి మామా. పప్పు తినుకుంట చెప్పిన."

ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇప్పుడు నేను పిల్లనియ్యనంటె ఏం జేస్తవు?"

"ఏం జేస్త. టాక్సీ ఎక్కి రుస్తాఖ్ పోత."

"మరెందుకు చెప్పినవు? నేను అడుగకపోతిని."

"పదకొండు కప్పులాయె మామా. ఇగ కడుపుల అబద్ధానికి జాగ లేదు."

మామ అప్పుడు నవ్వాడు. పెద్ద నవ్వేమీ కాదు, భుజాలు ఊగాయి, అంతే. తరువాత ఇంకెవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడాడు. "నేను పన్నెండేండ్లసంది సముద్రం పక్కపొంటే ఉంటున్న. పొద్దున లేస్తె అదే, పంటె అదే. కాసెట్ల కూసుంటె నేను మంచిగున్న, నువ్వు మంచిగున్నవా, గంతే. నా ఇంటామె, మీ చిన్నత్త, పన్నెండేండ్లు గదే విన్నది. పోయినసారి పోతె అడిగింది, నువ్వుండే జాగ ఎట్లుంటదో ఒక్కపారన్న చెప్పరాదా అని. నాకు చెప్పరాలె పిలగా. పడవ జెయ్యమంటె జేస్త." టేప్‌రికార్డర్‌ను నా వైపు జరిపి అన్నాడు, "నువ్వు సముద్రం లేకుంటనే చెప్పినవు. నాది జెర చెప్తవా?"

ఎదురుగా ఉన్న దుకాణంలో చల్లటి షర్బత్ కొని తాగి, సీసా ఖాళీ చేశాం. ముందు ఓడ ఎట్ల జేస్తవో చూపెట్టు అన్నాడు. రేవు వైపు తిరిగి ఊదాను, భోం అని నిండుగా పలికింది, పక్కన పండుగ బట్టల్లో పోతున్న పిల్లలు ఆగి చూశారు. సరిగ్గా అప్పుడే రేవులోంచి ఒక నిజం లాంచీ బయలుదేరుతూ కూత వేసింది. జలుబు చేసిన మేకపిల్ల గొంతులా సన్నగా, పీ అని. మామ ఆ లాంచీ వంక, నా సీసా వంక మార్చి మార్చి చూశాడు. "దానికన్న నీదే నయం," అన్నాడు.

తరువాత ఆయన చెప్పినవి నేను మాటలు చేశాను. ఆటుపోట్లకు పడవ ఎలా లేస్తుందో, కొత్త చెక్కకు చేప నూనె పూస్తే వాసన చేతులకు ఎన్ని రోజులుంటుందో, అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ వాసనకు ఎవరు గుర్తొస్తారో, అన్నీ. నేను కళ్లు మూసుకుని చెప్పాను, ఎందుకంటే తెరిస్తే మళ్లీ మాట పోతుందని భయం. ఆఖరి మాట మాత్రం మీరే చెప్పాలె మామా అన్నాను. ఆయన దగ్గరికి జరిగి, టేప్‌రికార్డర్ మీదికి వంగి, "నేను మంచిగున్న" అన్నాడు. కాసేపాగి, "యాదికొస్తున్నవు" అన్నాడు. బటన్ ఆపి, ముక్కు తుడుచుకుని, ఎండకు కండ్లల్ల నీళ్లొస్తున్నయి అన్నాడు. నాకూ ఎండ బాగానే తగిలింది.

టాక్సీ స్టాండ్ దగ్గర ఆయన నా బూట్ల వంక చూసి, "అవి ఇప్పి చేతుల పట్టుకోని పో అల్లుడా, ఎవ్వల్ జూస్తరు," అన్నాడు. నేను బూట్లు చేత పట్టుకుని, ఆ మాటను కూడా జాగ్రత్తగా పట్టుకుని, రుస్తాఖ్ పోయాను. ఆ రాత్రే కాదు, ఆ మరునాడు కూడా నిద్ర రాలేదు. సంతోషమో కహ్వానో ఇప్పుడు చెప్పలేను.

పెళ్లయింది. ఆ అమ్మాయి కుట్టు మిషనుతో సహా వచ్చింది. బకెట్ సంగతి ఆమెకు చెప్పాలని నేను మొదటి సెలవులో అనుకున్నాను, రెండో సెలవులో అనుకున్నాను, ఇంతలో పిల్లలు పుట్టారు, చెప్పే మాటలు మారిపోయాయి. ఒమాన్ వదిలి వచ్చేసిన చాలా ఏళ్లకు, మామ కూడా లేని రోజుల్లో, మా ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతూ, పెళ్లిచూపులకు అమ్మ పట్టుకుపోయిన ఆ పాత కాసెట్ బయటికి తీసింది. ఇంకా తిరుగుతుందో లేదో చూద్దామని పెట్టింది. నా పడుచు గొంతు మొదలైంది, ఎంత ధీమాగా ఉందో, వింటుంటే నాకే చెవులు మూసుకోవాలనిపించింది. అలలు వచ్చాయి. "ఈడ విను," అని ఆమె శబ్దం పెంచింది. అలల వెనక, సన్నగా, కడప భాయ్ గొంతు: "చెయ్యి నొప్పి పుడతాండాదబ్బా. సముద్రం ఇంగ సాలా?"

నేను ఆమె మొహం వంక చూశాను. ఫొటోలో ఉన్న కళ్లే, మాట వినని కళ్లు.

"ఎప్పటిసంది తెలుసు?"

"మీ అమ్మ కాసెట్ తెచ్చిన దినమే. అందరు ముచ్చట్లల్ల వడి వినలే. పొద్దుమీకినంక నేనొక్కదాన్నే మల్ల నాలుగుసార్ల వెట్టుకోని విన్న," అంది. "నోట్ల కొంగు కుక్కుకోని నవ్విన. పెద్దోళ్లకు చెప్తె సంబంధం చెడగొడ్తరని, కాకకు చిట్టి రాసిన. పోయి చూసి రా కాకా, బకెట్ ముచ్చట ఆయనంతట ఆయన చెప్తె ఊ అను, చెప్పకుంటె ఏమనకుంట వాపస్ రా అన్న."

నాకు మత్రా అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. అన్ని "అట్లనా"లూ, ఆ ట్యాంకూ, ఆ పదకొండు కప్పులూ. పాపం, మామ పొద్దుటి నుంచి నేను నోరు తెరవడం కోసం కాచుకుని కూర్చున్నాడు. నేనేమో తెరిచినప్పుడల్లా ఇంకో అబద్ధం బయట పెట్టాను. పదో కప్పు దగ్గర మామ నా చేయి పట్టుకుని ఊపి ఉంటే నేను ఇంకొంత దూరం అబద్ధంతో లాగి ఉండేవాణ్ణేమో, అప్పుడు ఈ ఇల్లు, ఈ పిల్లలు, ఈ నవ్వు ఎవరివయ్యేవో. ఆ ముసలి ఒమానీ ఎవరో, ఏ పేరో నాకు తెలియదు, నా పెళ్లికి పెద్ద మాత్రం ఆయనే.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన," అంది.

ఆమె లోపలికి పోయి ఖాళీ సీసా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది, ఓడ కూత పెట్టమంది. పెదవి ఆనించి ఊదాను. ఒకప్పటి భోం రాలేదు, గాలి పోయింది, అంతే. ఇంకోసారి ఊదాను, ఈసారి దగ్గు వచ్చింది. ఓడ రేవు దాటి పోయినట్టుంది అన్నాను. ఆమె నా చేతిలోని సీసా తీసుకోలేదు, నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి, "బకెట్ తేవాల్నా?" అంది.

తెమ్మన్నాను.